సీటు కింద బాణం

వాన ఆగితే వాళ్ళొస్తారు, వాళ్ళొస్తే బండి పోతుంది, బండి పోతే ఇంటికి పట్టిన పీడ పోతుంది, ఇదీ మా ఆయన లెక్క, అందుకే అన్నం తిని పైన హాయిగా పడుకున్నాడు, నేనేమో కింద ఈ రేకుల షెడ్డులో, వెనక సీటుకీ ముందు సీటుకీ మధ్య సందులో, చెంప మ్యాట్‌కి ఆనించి, కాళ్ళు తలుపు బయటకి వదిలేసి, నోట్లో టార్చి పెట్టుకుని, డ్రైవర్ సీటు కిందకి తల దూర్చి పడుకున్నాను. ఎవరైనా చూస్తే బండి కింద పడ్డ మనిషి అనుకుంటారు. అనుకోనీ, ఏడాదిగా జనం నా గురించి అనుకున్నవాటిలో అదే కాస్త నయం. వాన రేకుల మీద ఎంత గట్టిగా కొడుతోందంటే నా ఊపిరి నాకే వినబడటం లేదు. నేను వెతుకుతున్నది అరచేతిలో పట్టేంత డబ్బా. నిన్న నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి, ఇప్పుడు వర్క్‌షాప్‌లో కార్ల కరెంటు పని చూస్తోంది, ఆయన లేనప్పుడు వచ్చి, స్టీరింగ్ కింద తన మిషను గుచ్చి, "టీచర్, ఇది స్టెబిలిటీ కంట్రోల్ సెన్సార్ అండీ, బండి ఎటు ఎంత తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది ఇదే, ఏదో తేడా చెప్తోంది, అందుకే లైటు ఆరట్లేదు" అంది. ఎక్కడుంటుందమ్మా అంటే, డ్రైవర్ సీటు కింద, నేలకి రెండు బోల్టులతో బిగించి ఉంటుంది, పైన బాణం గుర్తు ఉంటుంది, అది బండి ముందు వైపు చూడాలి, కదిపారో అంతే అంది. లైటు ఆరితేనే కొంటామన్నారు వాళ్ళు. దానికి మా ఆయన చెప్పిన ఉపాయం, బల్బు పీకేద్దాం అని. బల్బు పీకేస్తే జబ్బు పోతుందన్నట్టు.

ఆ లైటంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పసుపు రంగులో బుజ్జి బండి బొమ్మ, దాని వెనకాల పాములు పాకినట్టు రెండు గీతలు. తాగి తోలినవాడి టైరు గుర్తుల్లా ఉంటాయి. డ్రైవింగ్ స్కూల్లో పిల్లలకి, పిల్లలంటే పెళ్ళాలూ మొగుళ్ళూ ఉన్నవాళ్ళే, నా పక్కన స్టీరింగ్ పట్టుకోగానే అందరూ పిల్లలే, వాళ్ళకి మొదటిరోజు చెప్పేదాన్ని, ఎర్ర లైటు తిడుతుంది, పసుపు లైటు బతిమాలుతుంది, బతిమాలేవాళ్ళ మాట ముందు వినాలి అని. చెప్పేటందుకే నీతులు. మా సొంత బండిలో ఆ పసుపు లైటు వస్తూ పోతూ ఉంటే, ఏవండీ చూడండి అంటే, వానాకాలం కదే, తడికి వస్తుంది, ఎండకి పోతుంది అన్నాడు. నిజంగానే పోయేది. మళ్ళీ వచ్చేది. వైర్ల పని చేసేవాడు, ఇళ్ళకి కెమెరాలూ కాలింగ్ బెల్లులూ బిగించేవాడు, వైర్ల గురించి చెబితే నమ్మనా? ఆ స్కూలు బండిలో నా కాలి కింద నాకో బ్రేకు ఉండేది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే నొక్కడానికి, అందుకే నన్ను బ్రేకమ్మ అనేవాళ్ళు, నా వెనకాల అనుకున్నామనుకునేవాళ్ళు కానీ నాకు అన్నీ వినబడేవి. ఇంట్లో కూడా, ఎవరి బండెక్కినా, ఆటో ఎక్కినా, నా కాలు నేలని నొక్కుతూనే ఉండేది. అక్క నవ్వేది, పక్కన కూర్చుంటే నీ కాలు ఊరుకోదే, కుట్టుమిషను తొక్కుతున్నట్టు అని. అక్కకి అన్నీ మిషనుతోనే పోలిక. అక్క చేతిలో కత్తెర గీత గీయకుండా గుడ్డని ఎలా కోసేదో, నీళ్ళు కోసినట్టు, చప్పుడు కూడా సాగదీసిన ఒకే చప్పుడు, మధ్యలో ఆగేది కాదు. నేను దాని కాళ్ళ దగ్గర కూర్చుని ముక్కలు ఏరుకునేదాన్ని. ఇప్పుడా కత్తెర దాని చెల్లెలి బుర్రలో తప్ప ఎక్కడా కొయ్యడం లేదు.

మెడ పట్టేసింది. టార్చి అటు తిప్పితే సీటు కింద స్ప్రింగులు, వేరుశెనగ పొట్టు, ఎప్పటిదో జుట్టుపిన్ను, నాదా అక్కదా, అక్కదే అయ్యుంటుంది, నేను పిన్నులు పెట్టను. ఆ రోజు కూడా ఇలాంటి వానే. లైనింగ్ గుడ్డ కొనుక్కుని వస్తున్నాం, వెనక సీటు నిండా తానులు, అక్క ఏదో చెబుతోంది, ఒకావిడ కుట్టించుకున్న జాకెట్టు మూడుసార్లు వదులు చేయించుకుని చివరికి నువ్వే బిగుతు కుట్టావంది అని, నేను నవ్వుతున్నాను, గోడౌన్ల దగ్గర మలుపు, ఆ మలుపులో వందమందికి నేర్పాను, ఆక్సిలరేటర్ వదులు, మెల్లగా తిప్పు, చూపు మలుపు చివర పెట్టు. వదిలాను. మెల్లగా తిప్పాను. చూపు మలుపు చివరే ఉంది. అప్పుడు ముందు చక్రాన్ని ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టయింది. ఒక్క చక్రాన్నే. బండి తన ఇష్టానికి తాను గిర్రున తిరిగింది, గోడ మా మీదకి వచ్చింది, గోడే వచ్చింది, మేం వెళ్ళినట్టు లేదు, అక్క కుడిచెయ్యి నా గుండెకి అడ్డంగా చాచింది, చిన్నప్పుడు బస్సు బ్రేకు వేస్తే చాచినట్టే, ఆ చేతికి సీటుబెల్టు కంటే తనమీద నమ్మకం ఎక్కువ. స్టీరింగ్‌లోంచి ఎయిర్‌బ్యాగ్ పేలింది. మధ్యలో అక్క చెయ్యి ఉంది. నన్ను కాపాడటానికి రెండు వచ్చాయి, ఒకటి ఇంకోదాన్ని విరగ్గొట్టింది.

ఆస్పత్రిలో కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని అక్క మొదట అన్నమాట, "నువ్వు తిప్పలేదే, బండే తిరిగింది." ఎంత మంచిదో చూడు అక్క, అన్నారంతా. చెల్లెల్ని ఒక్కమాట పడనివ్వదు, రక్తసంబంధం అంటే అదీ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మళ్ళీ చెప్పింది, ఇంటికొచ్చాక చెప్పింది, చెయ్యి అతుక్కున్నా బొటనవేలు వంగడం లేదని డాక్టరు చెప్పిన రోజూ చెప్పింది, నీ చేతులు కదల్లేదే, నేను పక్కనే ఉన్నాను కదా అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. విన్నకొద్దీ నాకు ఒళ్ళు మండేది. నీ దయ నాకెందుకు, నాలుగు తిట్టవే, నీ అన్నం పెట్టే చెయ్యి విరగ్గొట్టాను, జుట్టు పట్టుకుని కొట్టవే అనిపించేది. అక్క కొట్టలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను, తర్వాత మానేశాను. పండో పాలో పంపేదాన్ని, నేను మాత్రం వెళ్ళలేదు. స్కూలు ఓనరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా అన్నాడు, టీచరే గోడకి గుద్దిందటగా అని ఇద్దరు ముగ్గురు డబ్బులు వెనక్కి అడిగారట, ఆ కొన్నాళ్ళు ఇంకా అవుతూనే ఉన్నాయి. అప్పట్నుంచి స్టీరింగ్ పట్టుకోలేదు. కాఫీ గ్లాసు పట్టుకున్నా నా చేతుల్ని నేనే కాపలా కాస్తున్నాను, ఎప్పుడు తప్పు చేస్తాయో అని. ఇంకో వింత చెప్పాలి. మొదట్లో ఆ మలుపు గుర్తొస్తే నా చేతులు నిలకడగానే ఉండేవి. అందరూ కంగారులో తిప్పేసి ఉంటావు, తిప్పేసి ఉంటావు అనగా అనగా, జ్ఞాపకంలో కూడా అవి కదలడం మొదలుపెట్టాయి. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే స్పష్టంగా కనబడుతుంది, నేను స్టీరింగ్‌ని ఒక్క గుంజు గుంజడం. జరగనిదైతే ఇంత బాగా ఎలా కనబడుతుంది, చేసే ఉంటాను.

మా ఆయన మాత్రం బంగారం. అందరూ అదే మాట. ఒక్కరోజు ఒక్క మాట అనలేదు. ఎవరైనా బంధువులు ఆ సంగతి ఎత్తితే, "వద్దండీ, అది ఇప్పుడెందుకు, తనకి బాధ" అని మాట మార్చేసేవాడు. రాత్రి నేను ఉలిక్కిపడి లేస్తే మంచినీళ్ళు ఇచ్చేవాడు. పోనీలేవే, ఎవరికైనా జరుగుతుంది, నేను ఏమన్నా అన్నానా అని వీపు నిమిరేవాడు. క్షమించాడు నన్ను. ఆ క్షమ మీద ఏడాది బతికాను, ఆయన పెట్టిన అన్నంలా తిన్నాను, కృతజ్ఞతతో కూరలో ఉప్పు కూడా ఆయనకి నచ్చినంతే వేశాను.

ఇదిగో, కార్పెట్ ఇక్కడ కోసి ఉంది. బ్లేడుతో నాలుగు వైపులా కోసి మూతలా మడిచారు. ఇది నాకు తెలుసు. ఇది ఊఫర్ పెట్టిన చోటు, పాటలకి దడదడ రావాలని సీటు కింద పెట్టే నల్ల పెట్టె, ఆ గుద్దడానికి ముందు ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఇక్కడే నాలాగే పడుకుని బిగించాడు, నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాను. టార్చి సరిగ్గా పట్టు, ఎటో చూస్తావేంటి అన్నాడు. నేను ఆయన మెడ మీద చెమట చూస్తున్నాను, అప్పటికి ఆ చెమట నాకు ముద్దుగానే ఉండేది. ఇదొకటి అడ్డమొస్తోంది అన్నాడు. ఏంటండీ అన్నాను. ఏం లేదు, ఏదో డబ్బా, పక్కకి కడతాలే అన్నాడు. ఏదో డబ్బా. ఎంత తేలిక మాట, ఇన్నాళ్ళూ నా బుర్రలోనే ఉండి ఒక్కసారి కూడా బరువు చూపించలేదు. కార్పెట్ మడత ఎత్తుతున్నాను. నేల మీద రెండు బోల్టు రంధ్రాలు, ఖాళీగా, తుప్పు పట్టి. చుట్టూ శుభ్రంగా చదరపు మచ్చ, ఏదో చాలాకాలం అక్కడ కూర్చుని లేచి వెళ్ళినట్టు. వైరు పట్టుకుని వెళితే, సీటు పట్టాకి, పక్కన, ఏటవాలుగా, కట్టి ఉంది డబ్బా. మీద బాణం గుర్తు. బాణం బండి ముందుకి చూడటం లేదు, తలుపు వైపు, పైకి, నా మొహం వైపు చూస్తోంది. ప్లాస్టిక్ టైతో కట్టాడు, ఆయన వైర్ల కట్టలకి వేసే టై. నేలకి బిగించాల్సినదాన్ని సీటుకి వేలాడదీశాడు. నేను సీటు జరిపితే అదీ జరుగుతుంది, మలుపులో అది ఊగితే బండే తిరిగిపోతోందని కంప్యూటర్‌కి చెబుతుంది, కంప్యూటర్ పాపం నమ్మి, తిరిగే బండిని ఆపాలని ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. నా కాలి కింద లేని బ్రేకు. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు.

నువ్వు తిప్పలేదే, బండే తిరిగింది.

ఇక్కడితో అయిపోతే ఏడ్చేదాన్నేమో, సంతోషంతోనో దేనితోనో, తెలియక చేశాడు పాపం అని నేనూ బంగారం అయిపోయి ఆయన్ని క్షమించేసేదాన్ని కూడా. కానీ టార్చి కింద ఇంకోటి ఉంది. తెల్ల టై ఒకటి తెగి, దుమ్ములో పడి ఉంది. డబ్బాని ఇప్పుడు పట్టుకుని ఉన్నది నల్ల టై. ఊఫర్ బిగించిన నాటికి మా ఇంట్లో ఉన్నవన్నీ తెల్లవే, డ్రాయరు తీస్తే తెల్లగా మల్లెమొగ్గల్లా ఉండేవి. బయటి గోడలకి కెమెరాలు బిగించే పని బండి గుద్దాకే దొరికింది ఆయనకి, ఎండకి తెల్లవి పెళుసెక్కి పోతాయని అప్పుడే నల్లవి తెచ్చాడు. వేలితో తడిమాను. టై కొస కత్తిరించి, గుచ్చుకోకుండా కాల్చి నున్నగా చేసి ఉంది. సిగరెట్లు మానేసి ఎన్నేళ్ళయినా ఆయన జేబులో లైటరు ఎందుకుంటుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ప్రతి టై కొసా కాలుస్తాడు, మనుషుల చేతులు గీరుకుపోకూడదు అంటాడు. ఎంత జాగ్రత్త, మనుషుల చేతులంటే.

అంటే గుద్దాక చూశాడు. బండిని ఇంకా గోడ దగ్గరనుంచి లాగకముందే, నేను ఆస్పత్రి బెంచీ మీద ఉండగా, ఊఫర్ ఎవడైనా ఎత్తుకుపోతాడు, తీసుకొస్తానని వెళ్ళాడు కదా, తెచ్చాడు కదా, అప్పుడే చూశాడు తెల్ల టై తెగి డబ్బా వేలాడుతుండటం. తర్వాత, సొట్టలు సరిచేసి బండి ఇంటికొచ్చాక, తీరిగ్గా, నల్ల టై తెచ్చి మళ్ళీ కట్టాడు. సరిచెయ్యలేదు, బోల్టులు పోయాయేమో, లేక కొత్తవి కొనడానికి వెళితే ఎందుకని ఎవరైనా అడుగుతారనేమో, మళ్ళీ కట్టాడంతే, ఇంకాస్త గట్టిగా. కట్టి, చేతులు కడుక్కుని, పైకొచ్చి నా వీపు నిమిరాడు. తనకి బాధ, ఆ సంగతి ఎత్తకండి అన్నాడు. ఎవరూ ఎత్తకూడదు మరి, ఎత్తితే కార్పెట్ కూడా ఎత్తుతారు. అక్క నిజం చెబితే దయ అనుకున్నాను. ఈయన దయ చూపిస్తే నిజం అనుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ ఆడది ఎవరైనా ఉంటే చెప్పండి, తనకి స్టీరింగ్ నేర్పిస్తాను, ఉచితంగా. అక్క బొటనవేలు గుర్తొస్తోంది. గ్లాసు పట్టుకోబోయి నాలుగు వేళ్ళతోనే పట్టుకుని, నేను చూస్తున్నానని చూసి, చీర కొంగు కప్పేసింది. నా కోసం కప్పింది. నేను బాధపడతానని.

వాన చప్పుడు ఎప్పుడు తగ్గిందో తెలియలేదు. మెట్ల మీద చెప్పులు. నా కాళ్ళ దగ్గర ఆగాయి.

"ఏంటే ఈ అవతారం? లే, వాళ్ళు బయల్దేరారట."

నేను లేవలేదు. టార్చి ఆర్పలేదు. ఆయన వంగి చూశాడు, మొదట నన్ను, తర్వాత టార్చి వెలుగు పడ్డ చోటుని. నేనింకా నోరు తెరవలేదు, నోట్లోంచి టార్చి చేతిలోకి తీసుకున్నానంతే.

"దానివల్ల కాదే అది," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"ఏది? దేనివల్ల?" అన్నాను.

"అదే... చూడు, అప్పుడు చెబితే ఏమయ్యేది? వదిన చెయ్యి తిరిగొచ్చేదా? ఊరికే రచ్చ. నేను నిన్ను ఒక్కమాటన్నా అన్నానా ఈ ఏడాదిలో?"

అనలేదు. అదే కదా. అని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు గొడవ పెట్టుకునేదాన్ని, నా చేతులు కదల్లేదని అరిచేదాన్ని, అరిస్తే అయినా నాకు గుర్తొచ్చేది. గేటు దగ్గర హారన్ మోగింది. ఆయన మొహం తుడుచుకుని, "ముందు ఆ కార్పెట్ కప్పు, తర్వాత మాట్లాడుకుందాం" అని గేటు వైపు పరుగెత్తాడు. నేను సందులోంచి బయటికి పాక్కుంటూ వచ్చి తలుపు పట్టుకుని లేచాను. గేటు తెరుస్తూ ఆయన నవ్వుతున్నాడు, అటు భార్యాభర్తలు, ఆవిడ చంకలో నిద్రపోతున్న పిల్ల. "రండి రండి, బండి గురించి మీకు బెంగే వద్దు, మా ఆవిడ చేతి బండి, డ్రైవింగ్ టీచరండీ ఆవిడ, ఆవిడ చేతిలో ఇంతవరకు ఒక్క గీత పడలేదు," అంటున్నాడు. ఏడాది తర్వాత నా చేతులకి మంచిపేరు వచ్చింది, బండి అమ్మడానికి.

ఫోను తీసి అక్కకి చేశాను. చాలాసేపు మోగింది, ఎడమచేత్తో ఎత్తుతుంది కదా, ఎప్పుడూ ఆలస్యమే.

"అక్కా, ఆ రోజు నేను తిప్పలేదే. బండే తిరిగింది. సీటు కింద డబ్బా మీ మరిదే ఊడదీసి కట్టాడు, ఇప్పుడు చూశాను."

అటు వెనకాల ఎవరిదో కుట్టుమిషను చప్పుడు, అక్క తొక్కుతున్నది కాదు, ఆ నడక వేరు.

"నేను పక్కనే కూర్చుని చూసి చెబితే నమ్మలేదు కదే," అంది అక్క. గొంతులో కోపం కూడా లేదు, అలిసిపోయింది. "ఇప్పుడు ఒక డబ్బా చెబితే నమ్మావా?"

"ఫోను పెట్టకు, వింటూ ఉండు" అని, స్పీకరు నొక్కి బండి పైకప్పు మీద పెట్టాను. వాళ్ళు దగ్గరికి వచ్చారు, ఆవిడ పిల్లని ఇంకో భుజానికి మార్చుకుని లోపలికి తొంగిచూసింది. డ్రైవర్ సీటు ఆవిడే చూసుకుంటోంది, అంటే నడిపేది ఆవిడే. మా ఆయన నా వైపు కళ్ళతోనే ఏదో బతిమాలాడు. నేను టార్చి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని సీటు కిందకి వంచాను.

"సరిగ్గా పట్టు," అన్నాను. "ఆవిడకి కనబడాలి."